‘అలాంటిదే’ అన్నాను

ఈ ప్రయాణం గురించి మా కాలేజీ స్టాఫ్‌రూమ్‌లో ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను. పలాస జీడిపప్పు గురించి, భావనపాడు ఎండుచేపల గురించి, హాలండ్ నుంచి వచ్చిన ఒకావిడ చీకటి గదిలో గోడ మీద సముద్రాన్ని తలకిందులుగా చూపించడం గురించి చెబితే అందరూ చెవులప్పగించి విన్నారు. నాలుగుసార్లూ జలంత్రకోట దాకా వచ్చి ఆగిపోయాను. ‘ఆ తరవాత వచ్చేశాం’ అనేశాను. నిజానికి చెప్పాల్సింది అక్కడే మొదలవుతుంది. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం వైపున్న ఉద్దానం చూడనివాళ్లు ఇది చదివితే ఆ నేల ఎలా ఉంటుందో కొంత తెలుస్తుంది. నేనెలాంటి దాన్నో కూడా తెలుస్తుంది. తెలియనివ్వండి.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. రెండువేల నాలుగు ఫిబ్రవరిలో విశాఖపట్నం నుంచి నా స్నేహితురాలు ఫోన్ చేసింది. మారైక అనే డచ్చి కళాకారిణి వచ్చిందనీ, వారం రోజులు శ్రీకాకుళం జిల్లాలో తిరుగుతుందనీ, మాటలు తర్జుమా చేసి చెప్పడానికి ఒక ఆడమనిషి కావాలనీ అంది. ‘బొమ్మలు గీస్తుందా?’ అని అడిగాను. ‘గీయదు. వెలుతురుతో ఏదో చేస్తుంది. వెళ్లి చూడు, నీకే తెలుస్తుంది’ అంది. సెలవు పెట్టి బయల్దేరాను.

మారైకకి యాభై దాటాయి. ఆరడుగుల మనిషి, మగపిల్లాడిలా కత్తిరించిన నెరసిన జుట్టు. వెంట రెండు రేకు పెట్టెలు. ఒకదాంట్లో నల్ల గుడ్డ, నల్ల టేపు చుట్టలు, గుడ్డసంచిలో భూతద్దాల్లాంటి చిన్నా పెద్దా అద్దాలు. రెండోదాంట్లో వీడియో కెమెరా. విశాఖపట్నంలో రైలెక్కాక తన పని గురించి చెప్పింది. వాళ్ల దేశంలో చలికాలం అంతా ఆకాశం బూడిద రంగులో ఉంటుందట. ఎండ కోసం జనం కిటికీల దగ్గర కూర్చుంటారట. తను ఊరూరా తిరిగి, అక్కడి ఇళ్లలో ఒక గదిని చీకటి చేసి, ఒకే ఒక్క రంధ్రం లోంచి లోపలికి వచ్చే వెలుతురుని గోడ మీద పట్టి, దాన్ని వీడియో తీసుకుంటుంది. తిరిగి వెళ్లాక పెద్ద హాల్లో నాలుగు గోడల మీదా ఆ వీడియో వేస్తుంది. చూడ్డానికొచ్చినవాళ్లు ఆ ఎండ మధ్యలో నడుస్తారు. ‘మనం కంటితో చూస్తున్నాం అనుకుంటాం. కన్ను కూడా ఒక చీకటి గదే’ అంది. సగమే అర్థమైంది. మొత్తం అర్థమైనట్టు తలూపాను. అలా తలూపడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు.

పలాస

రైలు దిగగానే జీడిగింజలు కాల్చిన వాసన ముక్కుకి తగులుతుంది. కాస్త ఘాటుగా, కాస్త కమ్మగా ఉంటుంది. కాశీబుగ్గలో లాడ్జిలో దిగి, పక్క హోటల్లో ఉప్మా తిన్నాం. మా విజయవాడ హోటళ్లలో ఉప్మాలో జీడిపప్పు పలుకు కనపడితే ఆ రోజు అదృష్టం బాగున్నట్టు. ఇక్కడ చెంచాతో ఎటు తీసినా పప్పే. బజారులో ముక్కల పప్పు మా ఊరి ధరలో ఇంచుమించు సగానికి అమ్ముతున్నారు. అల్లప్పచ్చడి ఉందా అని నేనడిగితే హోటలాయన ‘పల్లీ సెట్నీ ఉంది గదమ్మా, ఇంకేటి కావాలి?’ అన్నాడు.

మధ్యాహ్నం ఒక జీడిపప్పు షెడ్డుకి వెళ్లాం. వరసగా ఆడవాళ్లు కూర్చుని గింజ కొడుతున్నారు. కాలితో మీట తొక్కడం, చేత్తో గింజ విప్పడం, పప్పు ఒక బుట్టలోకి, తొక్క ఒక బుట్టలోకి. తొక్కలోంచి వచ్చే జిడ్డు చర్మాన్ని కాలుస్తుంది. అందరి వేళ్లూ కొసల దాకా నల్లగా ఉన్నాయి. ఒక పెద్దావిడ వేళ్లు చూపించి, ‘నాను ఏలిముద్ర ఏత్తే కాయితం మీద మరకే పడతాది గానీ గీతలు పడవమ్మా’ అంది. తరవాత మారైక వైపు చూసి, ‘ఈ అమ్మది ఏటి పని?’ అని అడిగింది.

ఆ ప్రశ్న చెబితే మారైక చాలాసేపు జవాబు చెప్పింది. వెలుతురు, గది, తమ దేశం, ఎందుకొచ్చిందీ, ఇక్కడ తీసింది ఎక్కడ చూపిస్తుందీ, అన్నీ. నేను ‘సినిమా తీస్తారు’ అన్నాను. ఆడవాళ్లు నవ్వారు. ‘ఈరో ఎవలమ్మా?’ అని ఎవరో అన్నారు, ఇంకా నవ్వారు.

‘నేనంత చెప్పాను. నువ్వు రెండు మాటల్లో ముగించావు’ అంది మారైక.

‘మా భాషలో తక్కువ మాటలు చాలు’ అన్నాను. ఆవిడ కూడా నవ్వింది. తెలివిగా మాట్లాడానని అప్పుడు నాకు సంతోషం వేసింది.

టెక్కలి మీదుగా భావనపాడు

రెండోరోజు బస్సులో టెక్కలి, అక్కడి నుంచి ఆటోలో భావనపాడు. రేవులో పడవలు, ఇసుక మీద పరిచిన నెత్తళ్లు. ఎండుచేపల వాసన తట్టుకోలేక నేను కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. మారైక మాత్రం ఒంగి, చేపల మీద ఎండ పడి మెరవడాన్ని చూస్తూ ఉండిపోయింది. ఒకావిడ మాకు నెత్తళ్ల పులుసుతో అన్నం పెట్టింది. కారానికి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మారైక రెండోసారి వడ్డించుకుంది.

వలలు దాచుకునే రేకు షెడ్డు ఒకటి ఖాళీగా ఉంటే, దాన్ని గంటసేపు ఇమ్మని అడిగాం. ఇచ్చారు. మారైక సందులన్నీ నల్లగుడ్డతో మూసి, సముద్రం వైపు రేకులో ఉన్న మేకు రంధ్రానికి అద్దం అమర్చింది. మా కళ్లు చీకటికి అలవాటు పడడానికి రెండు నిమిషాలు పట్టింది. తరవాత ఎదుటి గోడ మీద సముద్రం వచ్చింది. నీలం రంగుతో, కదులుతూ, తలకిందులుగా. పైన ఇసుక, దాని కింద అలలు, వాటి కింద పడవలు బోర్లా వేలాడుతున్నాయి.  బయట నుంచి ఐదారుగురు ఆడవాళ్లని పిలిచాం.

లోపలికొచ్చినవాళ్లు మొదట ముచ్చట పడ్డారు. అన్నం పెట్టినావిడ మాత్రం గోడ వైపు ఒక్కసారి చూసి, మొహం తిప్పుకుని బయటికి వెళ్లిపోయింది. నేను వెనకే వెళ్లాను.

‘తిరగబడ్డ పడవలు సూడకూడదమ్మా. మావోళ్లు యాట నుంచి ఇంకా రానేదు. ఆ గుడ్డ తీసీమను’ అంది.

మారైకకి చెప్పాను. ‘ఆవిడ అన్నమాట అన్నట్టు చెప్పు’ అంది. చెప్పాను. కెమెరా ఇంకా బయటికే తీయలేదు. అయినా మారైక వెంటనే నల్ల టేపు ఊడదీసి, గుడ్డలు మడిచి, బయటికొచ్చి ఆ మనిషికి చేతులు జోడించింది. ‘నేను ముందే అడగాల్సింది, ఈ మాట ఆవిడకి చెప్పు’ అంది. చెప్పాను గానీ, లోపల నాకు విసుగ్గా ఉంది. అంత దూరం వచ్చి, అంత అందమైన దాన్ని ఒక్క మాటకి చుట్టేసి వచ్చేయడమేమిటి అనిపించింది. జనానికి అన్నీ విడమరిచి చెబితే ఇంతే అని కూడా అనుకున్నాను.

బారువ

మూడోరోజూ నాలుగోరోజూ బారువలో. ఒకప్పటి రేవు. ఇప్పుడు సముద్రం పక్కన నిశ్శబ్దంగా ఉన్న ఊరు. కొబ్బరి పీచు తాళ్లు పేనడం, ఒడ్డున పడవలకి మరమ్మతులు. ఆ రెండు రోజులూ మబ్బు పట్టింది. ఒక ఇంటివాళ్లు గది ఇచ్చారు గానీ గోడ మీద ఏమీ పడలేదు. మారైకకి కడుపు చెడింది. ఆమెకి మజ్జిగన్నం కలిపి పెట్టాను. నెత్తళ్ల పులుసు రెండోసారి వడ్డించుకుంటే ఇంతే మరి అని ఏడిపించాను. నవ్వింది గానీ దిగులుగా ఉంది. వచ్చి నాలుగు రోజులైంది, ఒక్క టేపూ తీయలేదు.

‘ఇక్కడి మనుషులకి నేనంటే భయమా?’ అని అడిగింది.

‘రేపు దొరుకుతుంది. నేను చూసుకుంటాను’ అన్నాను. నేను చూసుకుంటాను అని ఎందుకన్నానో. ఆవిడ ఖాళీ చేతులతో వెళితే తప్పు నాదవుతుందని అనిపించింది. విశాఖలో నా స్నేహితురాలు ఏమనుకుంటుందో అని కూడా.

జలంత్రకోట దాటాక

ఐదోరోజు మబ్బు విడిపోయింది. సోంపేటలో ఆటో మాట్లాడుకుని జలంత్రకోట వైపు వెళ్లాం. ఎటు చూసినా కొబ్బరితోటలు, మధ్యమధ్య జీడిమామిడి పూత మీద ఉంది. మా కృష్ణాజిల్లాలో పచ్చదనం అంటే కాలవ నీళ్లు, వరి. ఇక్కడ ఇసుక నేలలోంచి అంత పచ్చదనం ఎలా వస్తుందో చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. జలంత్రకోట దాటాక ఒక ఊళ్లో, తోటని ఆనుకుని ఉన్న ఒక ఇంటి ముందు మారైక ఆటో ఆపమంది. ఊరి పేరు రాయను. ఆ ఇంటికి తోట వైపు ఒకే ఒక్క కిటికీ ఉంది. పొద్దుటి ఎండ తోట మీద నిండుగా పడుతోంది.

ఇంటావిడ వాకిట్లో పీచుతాడు పేనుతోంది. పేరు ఆదెమ్మ అని తరవాత తెలిసింది. నలభై లోపు వయసు. మా రేకు పెట్టెలు దిగడం చూసి లేచి నిలబడింది.

‘కిడ్నీల టెస్టులకి వొచ్చినారా అమ్మా?’ అని అడిగింది.

ఆ ఊళ్లలో కొన్నేళ్లుగా మనుషులకి మూత్రపిండాలు పాడైపోతున్నాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. నీళ్లంటారు, మందులంటారు, ఇంకేదో అంటారు. ఈ సంగతి నేను పేపర్లో చదివాను. చదివి మర్చిపోయాను.

‘పోనేడు ఒక జీపొచ్చింది’ అంది ఆదెమ్మ. ‘నూతి నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లినారు. మా ఆయన రగతం తీసుకెళ్లినారు. ఏటైందో మళ్లీ వొచ్చి సెప్పనేదు. మీరు ఆళ్ల తాలూకేనా?’

ఆటో ఇంజను ఇంకా ఆగలేదు. మారైక కిటికీ వైపే చూస్తోంది. కాదమ్మా, ఈవిడ వెలుతురు బొమ్మలు తీసుకుంటారు అని చెబితే సరిపోయేది. ఆదెమ్మ ఒప్పుకునేదేమో, ఒప్పుకోకపోయేదేమో. నాకు భావనపాడు షెడ్డు గుర్తొచ్చింది. మబ్బు పట్టిన రెండు రోజులు గుర్తొచ్చాయి.

‘అలాంటిదే అమ్మా’ అన్నాను.

ఆదెమ్మ మొహం విప్పారింది. గబగబా లోపలికి వెళ్లి గది ఊడ్చింది. మాకు కొబ్బరిబోండాలు కొట్టి ఇచ్చింది. ‘నేనేం చేస్తానో చెప్పావా?’ అని మారైక అడిగింది. చెప్పానన్నాను.

ఆ గదిలోనే ఆదెమ్మ భర్త కూర్మయ్య మంచం మీద పడుకుని ఉన్నాడు. నలభై రెండేళ్లట. మొహం ఉబ్బి, కాళ్లు నీరుపట్టి యాభై దాటినవాడిలా ఉన్నాడు. వానాకాలం నుంచి గడప దాటి తోటలోకి వెళ్లలేదని చెప్పాడు. మేం గుడ్డలు కడుతుంటే మంచం పక్కకి జరపమంటారా అని అడిగాడు. అక్కర్లేదని మారైక చెప్పించింది.

కిటికీకి నల్లగుడ్డ కట్టి, మధ్యలో వదిలిన రంధ్రంలో అద్దం పెట్టగానే సున్నం గోడ మీద తోట వచ్చింది. కొబ్బరిమానులు పైనుంచి కిందికి దిగాయి, మట్టలు నేల దగ్గర ఊగుతున్నాయి, ఇంకా కింద ఆకాశం. కోడిపెట్ట ఒకటి వాసాల పక్కన నడిచివెళ్లింది. కూర్మయ్య తల అటు తిప్పాడు. బిందె పట్టుకుని ఆదెమ్మ అటుగా వెళ్లింది. అప్పుడు మెల్లగా నవ్వాడు.

‘మా ఆదెమ్మ సూరు మీద నడుత్తంది’ అన్నాడు.

మరికాసేపటికి మోచేతి మీద లేచి గోడని పరీక్షగా చూశాడు. ‘ఒసే, ఆ మూల మూడో సెట్టు మొవ్వు సూడు. కొమ్ము పురుగు పట్టినట్టుంది’ అని బయటికి కేక వేశాడు. ఆదెమ్మ వెళ్లి చూసి, నిజమేనంది. ఆ మాట మారైకకి చెబితే పొంగిపోయింది. ఆరు నెలల తరవాత మనిషి తన తోటని చూసుకున్నాడని కళ్లు తుడుచుకుంది. అప్పటికి అంతా బాగానే ఉంది. నేను చెప్పిన అబద్ధం ఎవరికీ అడ్డం రాలేదు కదా అనుకున్నాను.

అప్పుడు కూర్మయ్య నన్ను అడిగాడు. ‘ఇసాపట్నంలో కూడా ఇలగే సీకటి గదిలోనే సూసినారమ్మా. కడుపు మీద ఏదో రాసి, టీవీలో లోపలంతా సూసినారు. ఇది ఆ మిసనే గదా?’

నేను నల్లగుడ్డ అంచు సర్దుతున్నట్టు అటు తిరిగాను.

జవాబు కోసం అతను ఆగలేదు. లేచి కూర్చుని బనీను విప్పాడు. వీపు ఆ బొమ్మ పడుతున్న గోడకే ఆనించి, ఉబ్బిన పొట్టని వెలుతురు వైపు తిప్పాడు. కొబ్బరిమట్టలు, ఆకాశం వచ్చి అతని ఒంటి మీద పడ్డాయి. గాలికి మట్టలు ఊగుతుంటే పొట్ట మీద నీడలు ఊగాయి.  మారైక కెమెరాని స్టాండు మీంచి తీసి, చేత్తో పట్టుకుని దగ్గరికి వచ్చింది. అతను తన పనిలో పాలు పంచుకుంటున్నాడని అనుకుంది.

‘ఊపిరి బిగబట్టాలా?’ అని కూర్మయ్య అడిగాడు.

‘ఏమంటున్నాడు?’ అంది మారైక.

‘కదలకుండా ఉండాలా అని అడుగుతున్నాడు’ అన్నాను.

‘ఉండగలిగితే మంచిది’ అంది.

‘బిగబట్టండి’ అని కూర్మయ్యకి చెప్పాను.

బిగబట్టాడు. వదిలాడు. మళ్లీ బిగబట్టాడు. కెమెరా పక్కనున్న చిన్న తెర కేసి చూడబోయాడు. ‘లోన బాగుందా అమ్మా?’ అన్నాడు.

‘బాగా వచ్చింది’ అన్నాను.

అతను కళ్లు మూసుకుని తల గోడకి ఆనించాడు. అమ్మయ్య అన్నాడు, తనలో తను అనుకున్నట్టు.

సాయంత్రం సోంపేట లాడ్జిలో మారైక ఆ టేపు నాకు వేసి చూపించింది. నలభై నిమిషాలుంది. ఇన్నేళ్లలో తను తీసినవాటన్నిటిలోకీ ఇదే గొప్పదంది. నేను అవునన్నాను. అది నిజమే, అంత అందమైనదాన్ని నేనూ ఎప్పుడూ చూడలేదు. చూస్తున్నంతసేపూ అతను ఊపిరి బిగబట్టడమే నాకు కనపడింది.

మర్నాడు

ఆరోరోజు పొద్దున్న వెళ్లేసరికి ఆదెమ్మ వాకిట్లో ఇరవైమంది దాకా ఉన్నారు. పాలిథిన్ సంచుల్లో ఆస్పత్రి కాగితాలు. ఒక ముసలాయన ఎక్స్‌రే కవరు చంకలో పెట్టుకుని, కొడుకుని చెయ్యి పట్టుకుని పక్క ఊరి నుంచి నడిపించుకొచ్చాడు. ఆ కొడుకు మొహం కూడా ఉబ్బి ఉంది.

‘ఇంతమందికి చూడాలని ఉందా?’ అని మారైక సంబరపడింది.

ఈ రోజు మిషను పనిచేయడం లేదని చెబుదామా అని ఆలోచించాను. ఆ మాట నోట్లో సిద్ధంగా కూడా ఉంది. ఇంతలో ఆదెమ్మ వచ్చింది. పొయ్యి దగ్గర నుంచి వచ్చినట్టుంది, చెయ్యి కొంగుకి తుడుచుకుంటోంది.

‘వంకాయ, ఎండునెత్తళ్లు వండినాను. తిని గానీ ఎల్లకూడదు’ అంది. ‘మా ఆయన నిన్న కడుపు నిండా తిన్నాడమ్మా. బాగుందని సెప్పినారంట గదా. మరి రిపోర్టు ఎప్పుడిత్తారు?’

నేను మారైక చెయ్యి పట్టుకుని జీడిచెట్ల కిందికి తీసుకెళ్లాను. ఆదెమ్మ మొదట ఏమడిగిందో, నేనేమన్నానో, కూర్మయ్య బనీను ఎందుకు విప్పాడో, ఈ జనం ఎందుకొచ్చారో మొత్తం చెప్పాను. మధ్యలో రెండుసార్లు ‘మీ పని జరగాలనే’ అన్నాను. అది విన్నప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. పెద్ద మనిషి, అక్కడే ఇసుకలో కూలబడింది.

లేచి ఇసుక దులుపుకుని, ‘ఇప్పుడు వెళ్లి చెబుదాం. నేనన్న మాటలు చెప్పు. నీవి వద్దు’ అంది.

వాకిట్లో నిలబడి ఆవిడ ఒక్కో వాక్యం చెప్పింది. నేను ఒక్కో వాక్యం తెలుగులో చెప్పాను. నేను డాక్టర్ని కాదు. ఇది జబ్బు చూసే యంత్రం కాదు. ఇది బొమ్మలు తీసేది. మీకు తప్పు చెప్పారు. నేను కనుక్కోకపోవడం నా తప్పు. నన్ను క్షమించండి. ‘తప్పు చెప్పింది నేను’ అన్నది మాత్రం నేనుగా కలిపాను. వెనకవాళ్లకి వినపడలేదు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఎవరూ అరవలేదు. ఒకామె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ముసలాయన కొడుకుని నీడలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాడు. వెనక నుంచి ఒకాయన, ‘మీకు ఆటగా ఉందేటి మేడమ్?’ అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఆదెమ్మ నా ఎదురుగా వచ్చి నిలబడింది. ‘నాను అడిగినాను గదమ్మా. అడిగితే అలాంటిదే అన్నావు.’

 లోపల్నుంచి కూర్మయ్య పిలిచాడు. వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను. అతను అంతా విన్నాడు.

‘నిన్న బాగా వొచ్చిందన్నావు’ అన్నాడు.

‘బొమ్మ బాగా వచ్చిందని...’

‘నా కిడ్నీలనుకున్నాను.’

కాసేపు గోడ కేసి చూశాడు. ఇప్పుడు అక్కడ సున్నం తప్ప ఏమీ లేదు. ‘అందులో నా ఒళ్లుంది. అది తీసీమను’ అన్నాడు.

నలభై నిమిషాలు

మారైకకి చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కెమెరా తెచ్చి కూర్మయ్య మంచం మీద పెట్టి, టేపు మొదటికి తిప్పి, కెమెరా కంటికి మూత పెట్టి మీట నొక్కింది. అలా చేస్తే పాత బొమ్మ మీద చీకటి పడుతుంది. కానీ నలభై నిమిషాల బొమ్మ చెరిగిపోవాలంటే నలభై నిమిషాలూ టేపు తిరగాలి. అంతసేపు కూర్చోవాలి. కూర్మయ్య మంచం మీద, ఆదెమ్మ గడప మీద, మారైక నేల మీద, నేను తలుపు పక్కన. చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. లోపల టేపు తిరుగుతున్న చప్పుడు సన్నగా వినపడుతోంది.  మధ్యలో ఒకసారి కూర్మయ్య ‘మొత్తం పోతాదా?’ అని అడిగాడు. మారైకని అడిగి చెప్పాను, మొత్తం పోతుందని. అయిపోయాక మారైక టేపు వెనక్కి తిప్పి, తెర మీద వేసి అతనికి చూపించింది. నలుపు. అతను కాసేపు ఆ నలుపునే చూసి, సరేనన్నట్టు చెయ్యి ఊపాడు.

బయటికొస్తే ఇంకా పదిమంది దాకా ఉన్నారు. ఎందుకున్నారో అర్థం కాలేదు. ఎక్స్‌రే తెచ్చిన ముసలాయన దగ్గరికి వచ్చాడు.

‘ఇంగిలీసు సదవడమొచ్చు గదమ్మా. ఇందులో ఏటి రాసుందో అదైనా సెప్పు’ అన్నాడు.

అరుగు మీద కూర్చుని చదివాను. డాక్టర్ల రాత సగం నాకు అర్థం కాలేదు. అంకెలు చదివి, ‘ఇది ఎక్కువో తక్కువో నాకు తెలియదు తాతా’ అన్నాను. మందుల పేర్లు, ఎన్ని పూటలు వేసుకోవాలో, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో తెలుగులో రాసిచ్చాను. ముసలాయన కొడుకుని ఆస్పత్రికి తిరిగి రమ్మన్న తేదీ దాటి నాలుగు నెలలైంది. ఆ సంగతి వాళ్లకి తెలియదు. ‘ఎవులూ సెప్పనేదు’ అన్నాడు ముసలాయన. మారైక పక్కన కూర్చుని, నేను రాసిన కాగితాలని ఆస్పత్రి కాగితాలకి జతచేసి పిన్నులు పెట్టింది. మధ్యాహ్నం దాటిపోయింది. ‘తెలియదు’ అన్న మాట ఆ పూట నేను అన్నన్నిసార్లు నా ఉద్యోగంలో ఎప్పుడూ అనలేదు.

అందరూ వెళ్లాక ఆదెమ్మ మాకు అన్నం పెట్టింది. కూర్చుని తిన్నాను. వంకాయ కూర రుచిగా ఉంది. చెయ్యి కడుక్కుని, ‘మీ ఆయన కాగితాలు కూడా ఇస్తారా? చదివి రాసిస్తాను’ అన్నాను.

ఆదెమ్మ చూరులో దోపిన సంచి వైపు ఒకసారి చూసింది. ‘వొద్దులెండమ్మా. మీకు బస్సు టయిమయిపోద్ది’ అంది.

పొద్దున నా ఎదురుగా నిలబడి నువ్వు అన్న మనిషి అప్పుడు మీరు అంది.

వెళ్లేటప్పుడు మారైకకి రెండు కొబ్బరికాయలిచ్చింది. నాకూ రెండిచ్చింది. ఇంటికొచ్చినవాళ్లని ఉత్తి చేతులతో పంపకూడదట.

తిరుగు దారి

రైల్లో మారైక నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండుననిపించింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటాక మాత్రం, ‘ఒక మనిషి నా ముందు బనీను విప్పాడు. ఎందుకు విప్పుతున్నావని నేనూ అడగలేదు. వెలుతురు ఎక్కడ పడుతుందో చూస్తూ ఉన్నాను’ అంది. ఓదార్చబోయాను గానీ, ఓదార్చే హక్కు నాకెక్కడిదని ఊరుకున్నాను. విశాఖలో విడిపోయేటప్పుడు చెయ్యి కలిపింది. ఆ తరవాత ఉత్తరం లేదు. నేనూ రాయలేదు.

విజయవాడ వచ్చిన రెండోరోజు మా అత్తగారు ఒక కాయ కొట్టి పచ్చడి చేశారు. ‘ఇంత తియ్యటి కాయలు ఎవరిచ్చారే?’ అని అడిగారు. ఒక మాటతో తప్పించుకోవచ్చు. కూర్చుని మొదటి నుంచీ చెప్పాను. ఆవిడ నా పక్కనే కూర్చుని విన్నారు. అంతా అయ్యాక, ‘ఇంతకీ ఆ మనిషికి ఇప్పుడెలా ఉందిట?’ అన్నారు.

‘కనుక్కోలేదు అత్తయ్యా.’

ఆ సాయంత్రమే పోస్టుకార్డు తీసుకుని కూర్చున్నాను. ఊరి పేరు రాశాను. వయా సోంపేట, శ్రీకాకుళం జిల్లా అని రాశాను. పైన కూర్మయ్యగారికి అని రాయబోతే కలం ఆగిపోయింది. ఆ వైపు ఊరికి అరడజనుమంది కూర్మయ్యలుంటారు. వాళ్ల ఇంటిపేరు నాకు తెలియదు. రెండు రోజులు ఆ ఇంట్లో ఉన్నాను, వాళ్ల అన్నం తిన్నాను. అడగాలని తోచలేదు.